నాలుగో ఇంటి మనిషి

"ఖాళీ ఇళ్లు నాకొద్దు సార్. మనుషులున్న ఇళ్లే కావాల," అన్నాడు ప్రదీప్‌కుమార్.

రాఘవేంద్రప్రసాద్‌కి ఆ మాట వెంటనే తలకెక్కలేదు. ముప్పయ్యేళ్లు ఎమ్మిగనూరులో నూలు అంగడి నడిపిన మనిషి ఆయన. ఇల్లు అమ్మాలంటే ముందు బాడుగకున్నవాళ్లను ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, తాళంచెవులు కొనేవాడి చేతిలో పెట్టాలని అనుకుంటున్నాడు. కర్నూలు నుంచి కారులో వచ్చిన ఈ ముప్పయ్యయిదేళ్ల మనిషి అదేమీ వద్దంటున్నాడు.

"మేం కొనేది కాపురముండేదానికి కాదు గదా సార్. రిజిస్ట్రేషన్ అయిన నెల నుంచే బాడుగ రావాల. కొత్తవాళ్లను వెతుక్కుంటా తిరిగే తీరిక మాకుండదు. ఉన్నవాళ్లను ఉన్నట్టే ఉండనీండి. ఎప్పట్నుంచి ఉండారు, ఎందరుండారు, మీతో పేచీలేమీ లేవు అని ఒక కాయితం మీద సంతకం తీసుకోండి చాలు. ఆరిళ్లకు ఆరు కాయితాలు."

ఇంత సుళువుగా తెమిలిపోతుందని రాఘవేంద్రప్రసాద్ ఊహించలేదు. అంగడి మూసేసి రెండేళ్లయింది. భార్య శ్రీదేవి మోకాళ్ల నొప్పులకు నెలకు రెండుసార్లు కర్నూలు ఆస్పత్రికి పోక తప్పడం లేదు. ఆ ఇళ్లు అమ్మేసి కర్నూల్లోనే ఉండిపోదామని ఆమె ఏడాదిగా పోరుతోంది.

ఆ ఆరిళ్లూ ఆయన తండ్రి గోవిందయ్య కట్టించినవి. ఊరి చివర ఒకే కప్పు కింద వరసగా ఆరు వాకిళ్లు. నేసేవాళ్లకని కట్టించాడు కాబట్టి ప్రతి ఇంటి ముందుగదిలోనూ మగ్గం గుంత తవ్వించాడు. నేసే మనిషి అందులోకి కాళ్లు దించి కూర్చుని, కింద కర్రలు తొక్కుతూ పైన నూలు కండె ఉన్న నాడె అటూ ఇటూ విసరాలి. ఒకప్పుడు మధ్యాహ్నం పూట ఆ వీధిలో ఆరు మగ్గాల చప్పుడుకు పక్కమనిషి మాట వినపడేది కాదు. ఇప్పుడు అయిదు గుంతలు పూడ్చేశారు. ఒకదాని మీద ఫ్రిజ్, ఒకదాని మీద పిల్లల మంచం. నాలుగో ఇంట్లో మాత్రం గుంత అలాగే ఉంది, మగ్గం కూడా.

ఒక గురువారం భోజనం చేసి కాయితాలు పట్టుకుని బయల్దేరాడు. మొదటింట్లో ఆటో నడిపే ఏసన్న, బండి బానెట్ మీదే కాయితం పెట్టుకుని సంతకం చేశాడు. రెండో ఇల్లు, మూడో ఇల్లు ఇట్టే అయిపోయాయి. నాలుగో ఇంటికి తాళం వేసి ఉంది. అయిదో ఇంట్లో జాకెట్లు కుట్టే శివజ్యోతి మిషన్ ఆపి కుర్చీ వేసింది. ఆమె కాయితం చదువుకుంటుండగా పక్కింట్లోంచి మగ్గం చప్పుడు మొదలైంది. నాడె అటు దూకిన చప్పుడు, నూలును బిగించే పలక ఒక్క దెబ్బ, నాడె ఇటు దూకిన చప్పుడు.

"సుబ్బక్క నేస్తాండాదా? వాకిలికి తాళముండాదే," అన్నాడు రాఘవేంద్రప్రసాద్.

"సుబ్బక్క సంతకు పాయ గదన్నా," అంది శివజ్యోతి తల ఎత్తకుండానే. "అది లింగన్న మామ. రెండు కొట్టినాక మొదలుపెడతాడు, నాలుగు దాకా. మాకు అలవాటైపాయ."

సుబ్బక్క మొగుడు లింగన్న చనిపోయి నాలుగేళ్లయింది. ఆ సంగతి శివజ్యోతికీ తెలుసు. పెన్ను సరిగ్గా రాయడం లేదని విదిలించి మరీ సంతకం పెట్టింది.

ఆయన బయటికి వచ్చి నాలుగో వాకిలి ముందు నిలబడ్డాడు. తాళం పాతది, తుప్పు పట్టింది, బిగుతుగా వేసి ఉంది. తలుపు మీద అరచెయ్యి పెట్టాడు. లోపల పలక పడినప్పుడల్లా చెక్క సన్నగా అదురుతోంది. చెయ్యి తీసేసి, వీధిలో ఆటో తుడుచుకుంటున్న ఏసన్న వైపు చూశాడు.

"నీకు వినపడతాండాదా ఏసన్నా?"

"నాకేం ఇనపడదప్పా. నేనొచ్చి రెండేండ్లే గదా. ఆయప్పను ఎరిగినోళ్లకే ఇనపడతాదంట."

అంతలో వీధి మలుపులో సుబ్బక్క కనపడింది. చేతిలో కూరగాయల సంచి. ఆమె నాలుగడుగులు వేసేసరికి, ఇంటామె సంత నుంచి వస్తోందని కాసేపు పని ఆపినట్టు, లోపల చప్పుడు ఆగిపోయింది.

"రా సావుకారీ. శానా దినాలాయ ఈ పక్క వచ్చి," అంటూ తాళం తీసింది.

ముందుగది సగం మగ్గమే. దాని మీద వంకాయరంగు చీర సగం నేసి ఉంది. మిగిలిన సగానికి పడుగు దారాలు గోడ దాకా బిగించి ఉన్నాయి. దారాల మీద దుమ్ము సన్నటి పొరలా పేరుకుంది. ఏ దారమూ కదిలిన జాడ లేదు. రాఘవేంద్రప్రసాద్ గుంత వైపు చూడకుండా గోడవారగా కూర్చుని, వచ్చిన పని చెప్పాడు.

సుబ్బక్కకు అరవై దాటాయి. బక్కపలచని మనిషి. అన్నీ విని అడిగింది.

"అగ్రిమెంటు ఎవరి పేరున ఉండాది?"

"లింగన్న పేరునే ఉండాది. మార్చలేదు."

"మల్ల ఆయప్ప గదా పెట్టాల్సింది."

"సుబ్బక్కా, లింగన్న పోయి నాలుగేండ్లాయ."

"యాడికి పాయ?" ఆమె గొంతులో కోపం లేదు. దారి అడిగినట్టు అడిగింది. "జరమని బండిలో ఎక్కిచ్చుకోని పోయిరి. ఆ కరోనా దినాల్లో ఎవర్నీ ఎంట రానియ్యరంటిరి. మల్ల ఇంటికి తెచ్చింది లేదు, నాకు మొగం చూపిచ్చింది లేదు. యాడనో పూడ్చినామని ఫోన్ చేసిరి. పదైదు దినాలకు, ఇదో ఈన్నే, మద్యాన్నం పూట చప్పుడు మొదలాయ. ఇల్లు ఎతుక్కోని వచ్చినాడులే అనుకుంటి."

రాఘవేంద్రప్రసాద్ కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నేను వద్దననప్పా. ఇల్లు నీది, అమ్ముకుంటావు. ఆయప్పను ఒక మాట అడుగు. సరే అన్యాడంటే నేను ఏలిముద్ర ఏస్తా," అని సుబ్బక్క నీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది. ఆ నీళ్లు తాగి, అడగకుండానే ఇంటికి వచ్చేశాడు.

సాయంత్రం శ్రీదేవికి జరిగింది చెప్పాడు. ఆమె చపాతీలు ఒత్తుతోంది. లింగన్న పేరు వినగానే చపాతీ కర్ర ఒక్క క్షణం ఆగింది. తర్వాత, "ముసలామె చాదస్తం. పక్కవాళ్లు వంత పాడతాండారు," అని మళ్లీ ఒత్తడం మొదలుపెట్టింది. చపాతీ చినిగిపోయింది. ముద్ద చేసి మళ్లీ ఒత్తింది. ఆ రోజు గురించి వాళ్లిద్దరూ నాలుగేళ్లలో ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

ఆ రోజు ఏప్రిల్ ఎండ పేలిపోతోంది. ఊరంతా లాక్‌డౌన్. కింద అంగడి షట్టర్ మూసి ఉంది, పైన ఇంట్లో వాళ్లిద్దరూ ఉన్నారు. పోలీసుల కళ్లుగప్పి సందుల్లోంచి నడుచుకుంటూ లింగన్న వచ్చాడు. మగ్గం మీద చీర సగంలో ఉంది, అడ్డంగా వేసే నూలు అయిపోయింది. మెట్టు మీద నిలబడి పైకి చూసి పిలిచాడు.

"రాఘవేంద్రప్పా, వంకాయరంగు నూలు కొంచెం కావాల. పైనుంచి ఇసిరేసినా చాలు."

ఆ నూలు కింద గోడౌన్‌లో ఉంది. ఇరవై మెట్లు దిగితే చాలు. ఆయన లేచాడు కూడా. శ్రీదేవి మణికట్టు పట్టుకుని ఆపింది. "మీకు షుగరుండాది. ఎవరెవర్ని తాకొచ్చినాడో ఏమో. పలకొద్దండి," అని పరదా లాగింది. ఇద్దరూ పరదా వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. లింగన్న మూడుసార్లు పిలిచాడు. తర్వాత ఎండలోనే మెట్టు మీద కూర్చున్నాడు. తువ్వాలు తల మీద కప్పుకుని అరగంట కూర్చుని లేచి వెళ్లిపోయాడు. మళ్లీ పదకొండు రోజులకు ఆయన పోయాడన్న కబురు వచ్చింది.

రాఘవేంద్రప్రసాద్ నూలు ఇచ్చి ఉంటే లింగన్న బతికేవాడని కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా ఆ తర్వాత అంగడి తెరిచిన రోజు నుంచి, మెట్టు మీద ఎవరైనా కూర్చుంటే లేపి లోపలికి పిలిచేవాడు. ఎండలో ఎవరూ అక్కడ కూర్చోవడం ఆయనకు పడేది కాదు.

వారం తిరిగేసరికి ప్రదీప్‌కుమార్ ఇళ్లు చూడటానికి వచ్చాడు. కొలిచే టేపు, ఫోనులో ఫొటోలు, హడావుడి. నాలుగో ఇంటికి వచ్చేసరికి రెండున్నర. సుబ్బక్క వాకిట్లో చేటలో బియ్యం పెట్టుకుని ఏరుతోంది. లోపల మగ్గం ఆడుతోంది. పక్కవాకిట్లో నిలబడ్డ శివజ్యోతి, రాఘవేంద్రప్రసాద్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రదీప్‌కుమార్ మామూలుగా లోపలికి నడిచాడు.

"ఏమన్నా చప్పుడు వినపడతాండాదా మీకు?" అని రాఘవేంద్రప్రసాద్ మెల్లగా అడిగాడు.

"ఏం చప్పుడు సార్? ఎలుకలా?" అంటూ ఆయన టేపు లాగి, ఒక కాలు గుంతకు ఇటు, ఒక కాలు అటు వేసి గది వెడల్పు కొలిచాడు. ఆయన అలా నిలబడినంతసేపూ చప్పుడు ఆగింది. పనిలో ఉన్నవాడు, అడ్డం వచ్చిన మనిషి తప్పుకునేదాకా ఓర్చుకున్నట్టుగా ఉంది. ఆయన కాలు తీయగానే మళ్లీ నాడె దూకింది.

బయటికి వచ్చాక ప్రదీప్‌కుమార్ అసలు మాట చెప్పాడు. "చచ్చిపోయినాయన పేరు మీద అగ్రిమెంటు ఉంటే కుదరదు సార్. ఆమె పేరు మీద కొత్తది రాయించండి. ఆమె పెట్టనంటే చెప్పండి, మా లాయరు నోటీసు పంపుతాడు. ఖాళీ అయినాక గుంత పూడ్చి టైల్స్ వేయిస్తే ఆ గది బాగుంటాది. ఆరుకు ఆరుంటేనే నేను ముందుకొచ్చేది."

నోటీసు అన్న మాట సుబ్బక్క విన్నది. బియ్యం చెరిగి గిన్నెలో పోసుకుంది, అంతే.

మరునాడు పొద్దున్నే రాఘవేంద్రప్రసాద్ మూతబడిన గోడౌన్ తెరిచాడు. ఎలుకలు కొట్టిన మూటలు, సాలెగూళ్లు. రెండు గంటలు వెతికితే ఒక అట్టపెట్టె అడుగున వంకాయరంగు నూలు దొరికింది. మధ్యాహ్నం అది పట్టుకుని వెళ్లాడు. ఏమి మాట్లాడాలో దారిలో అనుకున్నదంతా వాకిట్లోకి రాగానే మరిచిపోయాడు. సుబ్బక్క తలుపు తీసి, ఆయన చేతిలోది చూసి, పక్కకు జరిగింది.

ఆయన గుంత పక్కనే నేల మీద కూర్చున్నాడు. రెండయింది. ఎదురుగా మగ్గం కదలడం లేదు. పలక నిలిచినచోటే నిలిచి ఉంది, నాడె పక్కన దుమ్ములో పడి ఉంది. చప్పుడు మాత్రం మొదలైంది, చెయ్యి చాపితే అందే దూరంలో. కూర్చున్న నేల తొడల కింద అదురుతోంది. లేచి పోదామనిపించింది. పోలేదు.

"లింగన్నా," అన్నాడు. చప్పుడులో ఆ మాట కలిసిపోయింది. మళ్లీ అన్నాడు. "లింగన్నా, ఆ దినం నేను పైనే ఉన్యా. నువ్వు పిలిచింది మూడుసార్లూ విన్యా. దిగి రాల్యా."

చప్పుడు ఆగలేదు. పెరగనూ లేదు. ఆయన అంతా చెప్పాడు. పరదా, ఎండ, తల మీద తువ్వాలు. శ్రీదేవి ఆపిందని మాత్రం చెప్పలేదు. చెప్పేసరికి చెంపలు తడిసిపోయాయి. నూలు కట్ట గుంత అంచున పెట్టాడు.

వెనక నుంచి సుబ్బక్క అంది, "తెలుసు సావుకారీ."

ఆయన వెనక్కి తిరిగాడు.

"ఆ దినమే ఇంటికొచ్చి చెప్పె. 'పైన పరదా కదిలింది సుబ్బీ, సావుకారి బయపడినట్టుండాడు, పోనీలే పాపం' అనె. నీ మీద కోపమేం ల్యా ఆయప్పకు. చీర నిలిచిపాయనే అని దిగులుపడె, అంతే."

ఆ మాట తేలిక చేస్తుందేమోనని రాఘవేంద్రప్రసాద్ కాసేపు ఎదురుచూశాడు. తేలిక చేయలేదు. లింగన్న తిట్టి ఉంటే, శాపనార్థాలు పెట్టి ఉంటే, ఆ సంగతి అక్కడితో ఒక కొలిక్కి వచ్చేదనిపించింది. పాపం అన్న మనిషి దగ్గర ఆ లెక్క తెగేది కాదు.

సుబ్బక్క ఆ సాయంత్రమే నూలు కండెలకు చుట్టి నాడె పక్కన పెట్టింది. తర్వాత అయిదు రోజులు ఆయన రోజూ వెళ్లి చూశాడు. కండె మీద నూలు తగ్గలేదు. చీర బెత్తెడైనా పెరగలేదు. చప్పుడు మాత్రం రెండింటి నుంచి నాలుగింటి దాకా తప్పలేదు. ఆరో రోజు ఆయన ప్రదీప్‌కుమార్‌కి ఫోన్ చేశాడు.

"అయిదిళ్లే ఇస్తానప్పా. నాలుగోది అమ్మను."

"మధ్యలో పన్ను ఊడిన నోరు మాదిరి ఉంటాది సార్ వరస. ముసలామె కోసమా? నోటీసు సంగతి నేను చూసుకుంటానంటిని గదా."

"నోటీసు వద్దు. ఆ ఇంట్లో ఉండేవాళ్లు ఉంటారు."

ప్రదీప్‌కుమార్ నెల రోజులు పలకలేదు. తర్వాత ఆయనే ఫోన్ చేసి అయిదింటికే ఒప్పుకున్నాడు. శ్రీదేవి మాత్రం పది రోజులు మొగుడితో మాట్లాడలేదు. పదకొండో రోజు కర్నూలుకు సామాను సర్దుతూ, "ఎందుకు అట్టి పెట్టుకుంటిరి దాన్ని?" అని అడిగింది. ఆయన చెప్పబోతుంటే, "వద్దులెండి," అని అటక మీది గిన్నెలు దించడానికి స్టూలు జరుపుకుంది.

రిజిస్ట్రేషన్ అయిన మూడో నాడు, సుబ్బక్క ఒక సంచితో అంగడి మెట్లెక్కి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. కొంగుకు కట్టుకున్న తాళంచెవి విప్పి ఆయన చేతిలో పెట్టింది.

"కోడుమూరికి పోతాండా. మా కూతురు నాలుగేండ్ల నుంచి రమ్మని పిలుస్తాండాది."

రాఘవేంద్రప్రసాద్ నిర్ఘాంతపోయాడు. "నీ కోసమే గదా సుబ్బక్కా ఆ ఇల్లు అమ్మకుండా పెట్టింది."

"నా కోసమా?" సుబ్బక్క ఆయన మొహంలోకి కాసేపు చూసింది. "ఆయప్పను ఒక్కన్నే ఇడిసిపెట్టి ఎట్ల పోయేదని ఇన్ని దినాలూ ఉంటి సావుకారీ. మద్యాన్నం నిద్ర ల్యాక నా తల నొచ్చిపోతాండాది. ఇంగ నువ్వుండావు గదా."

"నేనేం చెయ్యాల?"

"చేసేదేం ల్యా. వారానికొకపారి తాళం తీసి కూసో. మాట్లాడే పని గూడ ల్యా. ఇంట్లో ఎవరో ఒకరు ఉండారనిపిస్తే చాలు ఆయప్పకు." సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగింది. కింద ఏసన్న ఆటో ఆగి ఉంది. ఎక్కేముందు వెనక్కి తిరిగి, "దుమ్ము తుడవొద్దు. తుడిస్తే ఆ దినం పని చెయ్యడు," అని చెప్పింది.

వాళ్లు కర్నూలుకు మారారు. శ్రీదేవికి మోకాళ్లు కొంత నయమయ్యాయి. గురువారం వస్తే చాలు, రాఘవేంద్రప్రసాద్ పదకొండింటి బస్సుకు ఎమ్మిగనూరు పోతాడు. అంగడి తాలూకు పాత పనులున్నాయని ఇంట్లో చెప్పాడు. నాలుగో ఇంటి తాళం తీసి, గోడకు ఆనుకుని కూర్చుంటాడు. మొదట్లో కళ్లు మూసుకుని కూర్చునేవాడు. తర్వాత తర్వాత పేపరు తీసుకుపోయి చదువుకునేవాడు. ఒక్కోసారి కునుకు కూడా పట్టేది. భయం పోయిందా అంటే పోలేదు. తలుపు తీసిన ప్రతిసారీ, వేలు తాళం మీదుండగానే, ఒకసారి వెనక్కి వీధి వైపు చూసేవాడు. అటు రెండు పక్కలా ప్రదీప్‌కుమార్ మనుషులు ఇళ్లకు లేత పచ్చరంగు వేశారు. ఈ ఒక్క గోడ పాత సున్నంతో ఉండిపోయింది.

వానాకాలం మొదలైన వారం, బస్సుకు బయల్దేరబోతుంటే శ్రీదేవి చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నేనూ వస్తా," అంది.

"నీ మోకాళ్లకు బస్సు..."

"వస్తానంటి గదా."

దారి పొడుగునా ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. కోడుమూరు దాటాక ఒక్కసారి, "ఆ ఇంట్లో ఫ్యానుండాదా?" అని అడిగింది. లేదన్నాడు.

నాలుగో ఇంట్లో ఆమె మగ్గానికి దూరంగా, గుమ్మానికి దగ్గరగా, గోడ పట్టుకుని కష్టపడి కింద కూర్చుంది. రెండు కావడానికి ఇంకా అయిదు నిమిషాలుంది. రాఘవేంద్రప్రసాద్ పేపరు తెరిచాడు గానీ చదవలేదు. ఆమెకు వినపడకూడదని కోరుకున్నాడు. ఏసన్నకు, ప్రదీప్‌కుమార్‌కు వినపడనట్టే ఈమెకూ వినపడకపోతే, ఆ రోజు తాలూకు బరువు తన ఒక్కడితోనే పోతుంది.

చప్పుడు మొదలైంది. ఆయన పేపరు మీదుగా భార్య వైపు చూశాడు. శ్రీదేవి మొహంలో రంగు మారలేదు. చెయ్యి మాత్రం కొంగు అంచు వెతుక్కుంది. పరాయి మగవాడు గదిలోకి వచ్చినప్పుడు సర్దుకున్నట్టు భుజం మీదికి నిండుగా లాక్కుంది. చాలాసేపు గుంత వైపే చూస్తూ కూర్చుంది. పెదవులు కదిలాయి, ఏమందో ఆయనకు వినపడలేదు. ఆయన అడగనూ లేదు.

"ఎంతసేపుంటాడు?" అని అడిగింది చివరికి.

"నాలుగు దాకా."

"అంతసేపు కింద కూర్చోలేను. పక్కింట్లో కుర్చీ ఉంటే అడిగి తెండి."

ఆయన లేచి శివజ్యోతి ఇంటికి వెళ్లాడు. ఆమె మిషన్ ఆపకుండానే మూలనున్న ప్లాస్టిక్ కుర్చీ చూపించింది.

"అక్క గూడ వచ్చినాదా అన్నా? ఇంగొకటి ఇయ్యనా?"

"ఈ వారానికి ఒకటి చాలు," అని ఆయన కుర్చీ ఎత్తుకున్నాడు.